బడి గేటు నుంచి తలుపు దాకా

ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
ఫిబ్రవరి 9, ఉదయం 7.40
ఈ ఏడాది నాలుగో ఉత్తరం

చి. గుండుసూదికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టను. ఇక్కడి కుశలం నాకు తెలుసు, అక్కడిది తెలియదు. నిన్న ఫోనులో పదకొండు నిమిషాలు మాట్లాడావు. షాపు తెరిచి నాలుగు నెలలైందన్నావు, తలుపుకి ఆకుపచ్చ రంగు వేయించానన్నావు, కుర్చీ కిర్రుమంటోందన్నావు. "ఏం అమ్ముతావే?" అని అడిగితే మాత్రం "ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మమ్మా, నీకు చెప్పినా అర్థం కాదులే" అన్నావు. సర్వే ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు గొలుసులు, టేపులు లాగి, ఊళ్లకి ఊళ్లు పటాల మీదికి ఎక్కించినదాన్ని. ఒక చిన్న షాపులో ఏముందో చెబితే అర్థం కాకుండా పోతానా?

అందుకే ఉత్తరం రాయమంటున్నాను. ఫోనులో మాట దాటేస్తే తెలియదు. కాగితం మీద దాటేస్తే ఆ ఖాళీ కనిపిస్తుంది.

తోలు పెట్టెలో ఉండే నా ముప్పై మీటర్ల టేపు పార్సిల్ చేశాను. కొత్త అరలు చేయించేటప్పుడు పనికొస్తుంది. దాని సంగతి నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయిదేళ్లప్పటి నుంచీ దాని చివర పట్టుకుని నా వెనకాల తిరిగినదానివి. పటం మీద గుచ్చడానికి గుండుసూదులు ఒక్కొక్కటే అందించేదానివి కనకే నీకా పేరు.

మీ తాతయ్యకి దగ్గు అలాగే ఉంది. సిగరెట్లు మానేశానంటారు. చొక్కా జేబు దులిపితే పొగాకు రాలుతుంది. జనవరిలో రోజుకి సగటున నలభై ఒక్కసారి దగ్గారు. పుస్తకంలో రాసిపెట్టాను.

షాపులో ఏం అమ్ముతున్నావో రాయి.

అమ్మమ్మ


షాపులో, గాజు బల్ల వెనక
ఫిబ్రవరి 20

అమ్మమ్మా,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. "ఆ ఖాళీ కనిపిస్తుంది" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాను ప్రతిసారీ. సరే, దాటెయ్యను.

షాపులో రెండు పనులున్నాయి. ఎడమవైపు బల్ల మీద పాడైన ఫోన్లు బాగుచేస్తాను. కుడివైపు అరల్లో ఎలక్ట్రానిక్ సిగరెట్లు అమ్ముతాను. రాసేశాను చూడు. ఇప్పుడు నువ్వు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉంటావు.

తిట్టే ముందు పూర్తిగా చదువు. నిప్పు ఉండదు, బూడిద ఉండదు. లోపల ఒక ద్రవం ఉంటుంది, అది వేడెక్కి ఆవిరి అవుతుంది. మంచిదని నేననను. ఆరోగ్యానికి మేలని ఎవరైనా నా షాపుకొచ్చి అంటే నేనే సరిదిద్దుతాను. అసలు ఏదీ తాగనివాడు దీని జోలికి రానే కూడదు. కానీ మా వీధిలో ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. ఇరవై రెండేళ్లు రోజుకి రెండు పెట్టెలు కాల్చాడు. నా దగ్గర ఇది కొన్నాక మూడు నెలల్లో సిగరెట్ పెట్టె ముట్టలేదు. నెల నెలా ఇందులోని నికోటిన్ మోతాదు కూడా తగ్గించుకుంటున్నాడు. "మా ఆవిడ మళ్లీ నా పక్కన కూచుని టీవీ చూస్తోందమ్మా" అని చెప్పాడు. అలాంటి వాళ్లు ఇప్పటికి పదిహేడుగురు. చూశావా, నాకూ నీ లెక్కల జబ్బు అంటుకుంది.

నువ్వు తాగుతావా అని అడుగుతావు. తాగను.

టేపు అందింది. తోలు వాసన అలాగే ఉంది. కొత్త అరలన్నీ దాంతోనే కొలిచాను.

తాతయ్యకి వేరే పార్సిల్ పంపాను. పెన్ను. ఆయన పేరు మీద వస్తుంది, నువ్వు విప్పకు. ఇంకో మాట. దగ్గులు లెక్కపెట్టడం ఆపి ఆయన్ని ఒక పూట ప్రశాంతంగా దగ్గనివ్వు.

నీ గుండుసూది


ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
మార్చి 6, ఉదయం 7.30
అయిదో ఉత్తరం

చి. గుండుసూదికి,

కళ్లద్దాలు తుడుచుకోలేదు. చదవడం పూర్తయ్యాక మడిచి పెట్టెలో పెట్టాను. అంతే.

నాకు నచ్చలేదు. ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగం వదిలి వెళ్లింది ఇందుకా అనిపించింది. కానీ నిజం రాసినందుకు సంతోషించాను. ఈ రెండూ ఒకేసారి ఉండొచ్చని ఈ వయసులో తెలిసింది.

పదిహేడుగురి గురించి రాశావు. వాళ్లు పెద్దవాళ్లు, వాళ్ల ఇష్టం. పద్దెనిమిదో మనిషి ఎవరు? అది ఎందుకు రాయలేదు? పుదీనా వాసన, పళ్ల వాసన, రంగు రంగుల గొట్టాలు. స్కూలు సంచీ వేసుకున్న పిల్ల ఒకతి వచ్చి అద్దం ముందు నిలబడితే ఏం చేస్తావు?

నిన్నటి పేపర్లో కొత్త నిబంధనలు వేశారు. కత్తిరించి జత చేస్తున్నాను. ముఖ్యమైన చోట్ల గీతలు పెట్టాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు. బయటికి కనిపించేలా అద్దంలో పెట్టకూడదు. పోస్టులో పంపకూడదు. బస్సుల్లో, లిఫ్టుల్లో, మెట్ల మీద వాడకూడదు. బడి గేటు నుంచి షాపు తలుపు దాకా నడక దారిలో వంద మీటర్లకి తక్కువ ఉండకూడదు. జూన్ ఒకటి నుంచి అమలు. ఈ ఆఖరి దాని గురించి నువ్వు ఆలోచించావా? మీ వీధిలో బడి ఉందని ఒకసారి నువ్వే చెప్పావు.

మా మెట్ల దగ్గర నేనే నోటీసు రాసి అంటించాను: "సిగరెట్లు, కరెంటు సిగరెట్లు కాల్చరాదు." మీ తాతయ్య నిలబడి చదివి, "కరెంటు సిగరెట్లు కాదే, ఎలక్ట్రానిక్ సిగరెట్లు అనాలి. కాల్చరాదు అని కూడా కాదు, వాడరాదు" అని దిద్దారు. నలభై తొమ్మిదేళ్లలో నా వాక్యం ఆయన దిద్దడం ఇదే మొదటిసారి.

పార్సిల్ నేను విప్పలేదు. పెన్ను చాలా బాగుందట. ఎలా రాస్తుందో చూపించమంటే సిరా ఖరీదైందన్నారు.

అమ్మమ్మ


షాపులో, గాజు బల్ల వెనక
ఏప్రిల్ 11

అమ్మమ్మా,

శుభవార్త! వంద దాటింది!

ఇవాళ పొద్దున వీధిలో జనం లేనప్పుడు బడి గేటు నుంచి నా తలుపు దాకా కొలిచాను. నీ టేపుతోనే. నూటికి పైన ఎనభై సెంటీమీటర్లు. 100.80. ఎనభై సెంటీమీటర్లు అమ్మమ్మా! ఈ వీధిలో నాకంటే ముందున్న చెప్పుల షాపు చోట నాది ఉండుంటే నా బతుకు బండి అక్కడే ఆగిపోయేది.

నీ పద్దెనిమిదో మనిషి గురించి. వచ్చింది. స్కూలు సంచీతో, నువ్వు రాసినట్టే. "అక్కా, ఈ గులాబీ రంగుది ఎంత?" అంది. "నీ వయసంత" అన్నాను. "పదిహేను" అంది. "ఇంకో మూడు కూడబెట్టుకుని రా" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. ఆ రోజే అద్దంలోవన్నీ తీసి వెనక అరల్లో, తలుపులు మూసి పెట్టేశాను. జూన్ దాకా ఆగలేదు. ఇది నువ్వు నీ పుస్తకంలో రాసుకోవచ్చు.

ఇప్పుడు నీతో పని. లైసెన్సు ఆఫీసు వాళ్లు ఒక ఫారం ఇచ్చారు. దూరం ఎంతో షాపువాళ్లే కొలిచి రాయాలి, దాని మీద సర్వేయరు సంతకం ఉండాలి. రిటైరైనా పర్లేదని స్పష్టంగా రాసుంది. నీ కోసమే రాసినట్టు లేదూ? అన్నీ నింపాను. కింద చుక్కల గీత మీద నీ సంతకం ఒక్కటే మిగిలింది. మే ముప్పై ఒకటి లోపల చేరాలి. చేరకపోతే కుడివైపు అరలు ఖాళీ చెయ్యాలి. ఫోన్లు బాగుచేసి మాత్రమే ఈ షాపు నడపలేను. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను.

సంతకం పెట్టి పంపెయ్, నా బంగారు అమ్మమ్మవి కదూ.

నీ గుండుసూది


ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
ఏప్రిల్ 17, ఉదయం 7.35
ఆరో ఉత్తరం

చి. గుండుసూదికి,

ఫారం అందింది. పటాల మీద పెట్టే ఇత్తడి దిమ్మ కింద ఉంది.

ఆ పిల్లకి చెప్పిన జవాబు బాగుంది. మీ తాతయ్యకి చదివి వినిపిస్తే నవ్వారు. నవ్వితే దగ్గు వస్తుందనుకున్నాను, రాలేదు.

మూడు సంగతులు రాయి. టేపు ఎన్నిసార్లు వేశావు? రెండో చివర ఎవరు పట్టుకున్నారు? 100.80 అన్నది టేపు మీద చదివిన అంకేనా, లేక లెక్క చూశాక తేలినదా?

నేను కొలవని దూరం కింద నేను ఎప్పుడూ సంతకం పెట్టలేదు. అయినా నీ జవాబు చూసి ఆలోచిస్తాను.

బంధువులు సంతకం పెట్టకూడదని ఫారంలో ఎక్కడా లేదు. ఉండాల్సింది.

అమ్మమ్మ


షాపులో, గాజు బల్ల వెనక
ఏప్రిల్ 29

అమ్మమ్మా,

చివర చెప్పుల షాపాయన పట్టుకున్నాడు. మంచి మనిషి. ఆయన గురించి ఎంతైనా రాయొచ్చు. టేపు వంకర పోకుండా బాగా బిగించి పట్టుకున్నాడు.

నేల చదునుగా ఉంది. ఎండ ఎక్కువ లేదు. టేపు సాగే అవకాశం లేదు.

అమ్మమ్మా, నువ్వు పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు అడుగుతున్నావు. నాకు ఒళ్లు మండుతోంది, నిజంగానే. పరాయివాళ్లెవరైనా అడిగుంటే ఈపాటికి వెళ్లి కొలిచి సంతకం పెట్టి వచ్చేసేదానివి. మనవరాలిని కాబట్టి ఇన్ని ప్రశ్నలు. ఈ షాపు కోసం నేనేం వదులుకున్నానో నీకు తెలుసు. అమ్మ అయితే ఆసుపత్రి ఉద్యోగం మానేసిన రోజు నుంచీ నాతో సరిగా మాట్లాడ్డమే లేదు. నువ్వొక్కదానివే "నీ కాళ్ల మీద నిలబడు, వంకరగా మాత్రం నిలబడకు" అన్నావు. ఆ మాట పట్టుకునే ఇక్కడిదాకా వచ్చాను.

ఇంకా ముప్పై రెండు రోజులే ఉంది. దయచేసి పంపు.

గుండుసూది


ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
మే 13, ఉదయం 8.05
ఏడో ఉత్తరం

చి. గుండుసూదికి,

నేను అడిగిన మూడింటిలో ఒక్కదానికే జవాబు వచ్చింది. మిగిలిన రెండు చోట్లా ఖాళీ కనిపించింది. అందుకని నిన్న నేనే వచ్చాను.

6.10 బస్సు. 9.25కి మీ వీధి మొదట్లో దిగాను. చేతిలో స్టీలు టేపు, సుద్దముక్క, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత దుప్పటి ముక్క. బడి గేటు దగ్గర నిలబడి చివర పట్టుకోవడానికి ఎవరు దొరుకుతారా అని చూస్తుంటే ఒకాయన వచ్చాడు. "ఏం పెద్దమ్మా, వీధి కొనేస్తున్నావా?" అన్నాడు. "కొంటే నీకు చెప్పే కొంటాను, ఇది పట్టుకో" అన్నాను. దగ్గరికొస్తే పుదీనా వాసన. నీ బస్సు డ్రైవరే. నేనెవరో చెప్పలేదు. నేను అడక్కుండానే నీ గురించి పావుగంట చెప్పాడు.

రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది.

99.60.

నీ 100.80కి, నా 99.60కి తేడా నూట ఇరవై సెంటీమీటర్లు. ఆ నూట ఇరవై ఎక్కణ్ణుంచి వచ్చాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా కాగితం మీద ఉండాలి కనక రాస్తున్నాను.

నీకు ఆరేళ్లప్పుడు నా కత్తెర తీసుకుని ఆ తోలు పెట్టె టేపు మొదటి ముప్పై సెంటీమీటర్లు కత్తిరించావు. నీ బొమ్మకి నడికట్టు కావాల్సి వచ్చింది. మర్నాడు నేను టేపు లాగితే సున్నా లేదు, ముప్పై నుంచి మొదలైంది. నువ్వు బొమ్మని వీపు వెనక దాచుకుని గుమ్మంలో నిలబడ్డావు. తిట్టలేదు. టేపు ఆఫీసుది కాదు, నా సొంతది. నిన్ను కూచోబెట్టి, "ఇకనించి ఈ టేపు వేసిన ప్రతిసారీ ముప్పై తీసెయ్యాలి" అని చెప్పాను. నువ్వు నేర్చుకున్న మొదటి తీసివేత అది. పదేళ్లు వచ్చేదాకా నేను టేపు వెయ్యగానే చివర నుంచి "ముప్పై తీసెయ్ అమ్మమ్మా!" అని అరిచేదానివి.

వంద మీటర్లకి టేపు నాలుగుసార్లు వెయ్యాలి. నాలుగు ముప్పైలు నూట ఇరవై. ఎన్నిసార్లు వేశావని అడిగింది అందుకే.

నలభై సెంటీమీటర్లు తక్కువ. మూరెడు కూడా లేదు. ఆ మూరెడులో బడి పిల్లలకి వచ్చే మేలేమిటి, కీడేమిటి అని నువ్వు అడగొచ్చు. ఏమీ లేదు. కానీ గీత ఎక్కడో ఒకచోట ఉండాలి. దాన్ని నీ కోసం మూరెడు జరిపితే రేపు చెప్పుల షాపాయన కోసం ఇంకో మూరెడు జరపాలి. అలా జరిపిన గీతల మీద కోర్టు మెట్లెక్కినవాళ్లని నా ఉద్యోగంలో చాలామందిని చూశాను.

తలుపు తెరిచి ఉండగా నీ మాట వినిపించింది. గుబురు మీసాలాయన ఒకడు వస్తే వయసు తెలిసే కార్డు చూపించమన్నావు. "నా మీసం చూసి కూడా అడుగుతావా?" అన్నాడు. "మీసం మీద పుట్టిన తేదీ రాసి లేదు కదండీ" అన్నావు. అక్కడే, పేవ్‌మెంటు మీద మోకాళ్ల మీద కూచుని నవ్వుకున్నాను.

నేను తలుపు అంచుకి సుద్దగీత పెట్టేసరికి నీ కుర్చీ ఖాళీగా ఉంది. నేను పిలవలేదు. 11.15 బస్సు ఎక్కి వచ్చేశాను. లోపలికి ఎందుకు రాలేదంటే, నీ మొహం చూస్తే సంతకం పెట్టేసేదాన్ని.

ఫారం సంతకం లేకుండా వెనక్కి పంపుతున్నాను.

అమ్మమ్మ


షాపులో, గాజు బల్ల వెనక
మే 16

అమ్మమ్మా,

నేను నిన్ను చూశాను.

మీసాలాయన వెళ్లాక తలెత్తితే అద్దంలోంచి నువ్వు కనిపించావు. దుప్పటి ముక్క జరుపుకుంటూ, మోకాలు మోకాలుగా, వీధి పొడుగునా నా వైపే వస్తున్నావు. కొంగు నడుముకి దోపావు. నోట్లో సుద్దముక్క. డ్రైవరు అవతల చివర నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఎప్పటి నుంచో ఆ చివర నాది. పరిగెత్తుకొచ్చి అందుకోవాల్సింది. అందుకోలేదు. బల్ల కిందికి దూరి, మోకాళ్ల మీద తల పెట్టుకు కూచున్నాను. సుద్ద గీసిన చప్పుడు వినిపించింది. నీ మోకీళ్లు లేవలేక లేవలేక లేచిన చప్పుడు కూడా. నువ్వు వెళ్లిపోయాక ఎంతసేపటికో గానీ బయటికి రాలేదు.

మర్చిపోలేదు అమ్మమ్మా. చెప్పుల షాపాయన టేపు మీది అంకె చదివి అరిచిన ప్రతిసారీ నా నోట్లో "తీసెయ్" అనే మాట వచ్చి ఆగింది. నాలుగుసార్లు ఆపుకున్నాను. ఇంటికెళ్లి తీసేసి చూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఫారంలో 100.80 రాసేశాను. రాశాక అంకె చాలా అందంగా కనిపించింది. టేపు మీద ఉన్నదే కదా రాశాను, అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నీ సంతకం కూడా పడితే అది నిజమైపోతుందనుకున్నాను. నా అబద్ధం కింద నీ పేరు పెట్టించబోయాను. ముప్పై ఎనిమిదేళ్ల నీ సంతకం. ఇది తల్చుకుంటే అన్నం సహించడం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. తాతయ్యకి పంపింది పెన్ను కాదు. అప్పటికి పోస్టులో పంపకూడదన్న నిబంధన అమల్లోకి రాలేదు, అయినా నీకు చెప్పకుండా పంపడం తప్పే. ఆయన నిజంగా సిగరెట్ మానాలనుకుంటున్నారు. నువ్వు లెక్కపెడతావని భయపడి చెప్పలేదు. ఆయన్ని ఏమీ అనకు. నన్ను అను.

సామానంతా అట్టపెట్టెల్లో సర్దేస్తున్నాను. లైసెన్సు అడగను. డ్రైవరుకీ మిగతావాళ్లకీ పక్క వీధి షాపు చూపిస్తాను. ఆ షాపువాళ్లు మోతాదు తగ్గించుకోమని చెబుతారో లేదో తెలియదు. ఎడమవైపు బల్ల ఉంది, దాంతో ఎన్నాళ్లు లాగగలిగితే అన్నాళ్లు లాగుతాను.

నీ గుండుసూది
(ఇంకా అలా పిలుస్తావో లేదో)


ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
మే 19, ఉదయం 7.30
ఎనిమిదో ఉత్తరం

చి. గుండుసూదికి, గుండుసూదికే,

అట్టపెట్టెలు కట్టడం ఆపు. ముందు ఈ ఉత్తరం చదువు. వడ్రంగిని పిలిచాక మిగతా పనులు.

ఆ పెన్ను సంగతి వచ్చిన మర్నాడే తెలుసు. నేను మరీ అంత మొద్దునా? రోజూ చార్జింగ్ పెట్టుకునే పెన్ను ఎక్కడైనా ఉంటుందా? రాయడానికి బాల్కనీలోకి వెళ్లడం ఎందుకు? రాసి వచ్చినవాడి దగ్గర పుదీనా వాసన ఎందుకు? అన్నీ చూస్తూ ఊరుకున్నాను. జనవరిలో నలభై ఒకటి. ఫిబ్రవరిలో నలభై. మార్చిలో ఇరవై ఆరు. ఏప్రిల్లో పద్నాలుగు. ఈ నెల ఇప్పటిదాకా తొమ్మిది. చొక్కా జేబులో పొగాకు లేదు. అది ఆవిరి చలవో, ఎండాకాలం చలవో, నాకు తెలియకుండా మానాలన్న పంతమో నేను తేల్చలేను. నేను అంకెలు మాత్రమే రాస్తాను. నిన్న పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఒక్కో పేజీ తిప్పి చూశారు. తర్వాత "నువ్వు ఇన్ని రోజులు వింటూనే ఉన్నావా?" అన్నారు. ఆయన తిడతారనుకున్నాను.

నేనూ నీకు ఒకటి చెప్పలేదు. ఆ రోజు సుద్దగీత పెడుతుంటే బల్ల కింద నీ ఎడమ చెప్పు కనిపించింది. కుర్చీ ఖాళీగా ఉందని మాత్రం రాశాను. ఆరేళ్లప్పుడు కూడా ఇంతే, బొమ్మని దాచుకున్నావు, నడికట్టు కొస మాత్రం బయటికి వేలాడుతోంది. అప్పుడూ నేను చూడనట్టు కాసేపు అటు తిరిగాను, నువ్వే వచ్చి చెబుతావని. అప్పుడు రెండు గంటలు పట్టింది. ఈసారి నాలుగు రోజులు. పెద్దదానివయ్యావు, సిగ్గు కూడా పెద్దదయ్యింది.

ఇక పని. నిబంధన మళ్లీ చదివాను. దూరం చూడాల్సింది షాపు దాకా కాదు, "షాపు తలుపు దగ్గరి అంచు" దాకా, అంటే బడివైపున్న అంచు దాకా. నీ షాపుకి ముందువైపు రెండు చట్రాలున్నాయి. బడివైపు తలుపు, దాని పక్కన కిటికీ. తలుపు వెడల్పు నూట పది. కిటికీ వెడల్పూ నూట పదే, ఆ రోజే కొలిచాను. రెండూ తారుమారు చేస్తే తలుపు నూట పది సెంటీమీటర్లు అవతలికి పోతుంది. 100.70 అవుతుంది. పటం గీసి జత చేశాను. వడ్రంగికి ఒకటిన్నర రోజు పని. షాపు యజమానురాలి అనుమతి కాగితం మీద తీసుకో, నోటిమాట వద్దు.

ఇది గీత జరపడం కాదా అని అడుగుతావు. కాదు. గీత ఉన్నచోటే ఉంది. నువ్వు జరుగుతున్నావు.

నావి రెండు షరతులు. నీ తప్పు లెక్క పోవాలి. ఆ ఫారం చించెయ్, కొత్తది తీసుకో. రెండోది, షాపుకి వచ్చిన ప్రతి మనిషినీ వయసు అడుగు, తల నెరిసినవాళ్లని కూడా. ఒకరిని అడిగి ఒకరిని వదిలితే అది నిబంధన కాదు, మొహమాటం.

పోస్టులో పంపడం కుదరదు కనక ఇకమీద మీ తాతయ్యే వచ్చి కొనుక్కుంటారు. వచ్చే బుధవారం, 27న, 6.10 బస్సుకి ఇద్దరం వస్తాం. ఈసారి లోపలికి వస్తాను. చివర నువ్వు పట్టుకో.

అమ్మమ్మ


ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
మే 28, ఉదయం 7.30

లైసెన్సు ఆఫీసు అధికారి గారికి,

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. జతచేసిన ఫారంలోని షాపు యజమాని నా మనవరాలు. ఈ సంగతి ఫారంలో రాయడానికి గడి లేదు కనక ఇక్కడ రాస్తున్నాను.

బడి గేటు దగ్గరి స్తంభం నుంచి షాపు తలుపు దగ్గరి అంచు దాకా నడక దారిలో దూరం 100.70 మీటర్లు. నిన్న ఉదయం 9.40కి స్టీలు టేపుతో రెండుసార్లు కొలిచాను. రెండో చివర పట్టుకున్నది యజమాని. మీకు అనుమానం ఉంటే మీ మనిషిని పంపి కొలిపించండి. పంపాలనే నా కోరిక.

అంతకుముందు తలుపు వేరేచోట ఉండేది. అప్పటి దూరం 99.60, అంటే చాలదు. మొదట్లో అది 100.80గా లెక్కకి వచ్చింది. ఆ లెక్క తప్పు. దానికి వాడిన టేపు మొదట్లో ముప్పై సెంటీమీటర్లు లేవు. ఆ లోపం టేపు సొంతదారైన నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. తెలిసీ ఆ టేపుని చీటీ కట్టకుండా ఇంకొకరికి ఇవ్వడం నా పొరపాటు.

పైన రాసినవన్నీ నిజమని సంతకం చేస్తున్నాను.

నకలు: మనవరాలికి.


షాపులో, గాజు బల్ల వెనక, కొత్త తలుపు ఎదురుగా
జూన్ 4

అమ్మమ్మా,

లైసెన్సు నిన్న వచ్చింది. మొన్న వాళ్ల మనిషి వచ్చి కొలిచాడు కూడా. 100.70. "ఎవరు కొలిచారండీ, సెంటీమీటరు తేడా లేదు" అన్నాడు. చెప్పాను. లేచి నిలబడ్డాడు. నీ దగ్గర ట్రైనింగ్ అయ్యాడట, నీ పేరు చెబితే ఇప్పటికీ భయమట.

తాతయ్యకి చెప్పు, ఆయన కార్డు నా గల్లా మీదే మర్చిపోయారు. డెబ్భై నాలుగేళ్ల మనిషిని "కార్డు చూపించండి తాతయ్యా" అంటే కోపం వస్తుందనుకున్నాను. ఆయన ఎంత ముచ్చటపడి జేబులు వెతుక్కున్నారో నువ్వు చూశావుగా. డ్రైవరుతో "నన్ను కూడా అడిగింది చూశావా, నాకు పద్దెనిమిది నిండాయో లేదో అనుమానం వచ్చింది" అని మూడుసార్లు చెప్పారట. డ్రైవరు మోతాదు ఇంకో మెట్టు దిగింది. తాతయ్యని కూడా వచ్చే నెల ఒక మెట్టు దింపుతాను. ఇద్దరికీ నా షాపు అక్కర్లేకుండా పోయిన రోజు నీ పుస్తకంలో రాసుకో.

పాత టేపుని బల్ల వెనక మేకుకి తగిలించాను. దానికి చీటీ కట్టాను: "30 తక్కువ. వేసిన ప్రతిసారీ తీసెయ్యాలి."

ఆఫీసుకి నువ్వు రాసిన ఉత్తరం నకలు నాలుగుసార్లు చదివాను. ప్రతి మాటా నిజమే. టేపు సొంతదారుకి తెలుసు అని రాశావు. కొలిచినవాళ్లకి తెలుసా లేదా అన్నది మాత్రం రాయలేదు.

కాగితం మీద దాటేస్తే ఆ ఖాళీ కనిపిస్తుందన్నావు. కనిపించింది అమ్మమ్మా.

నీ గుండుసూది